గొంగడి మీద ఎడమకాలు

నా ముఖం తెలియని వాళ్ళకు కూడా నా ఎడమకాలు తెలుసు. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోయే తోవలో, కనకమామిడికి కొంచెం లోపలగా ఉండేది మా ఊరు. అక్కడే కాదు, చుట్టుపక్కల నాలుగూళ్ళలో నడుము పట్టిన ప్రతివాడూ ఆ కాలి కోసమే వచ్చేవాడు. పేరుతో పిలిచినవాడు లేడు. "ఎదురుకాళ్ళ పిల్ల ఉన్నదా?" అని వాకిట్లో నిలబడి అడిగేవాళ్ళు. ఉండక ఎక్కడికి పోతాను?

తల్లి కడుపులోంచి తలకు బదులు కాళ్ళు ముందు వచ్చిన వాళ్ళను మా దిక్కున ఎదురుకాళ్ళ వాళ్ళంటారు. వాళ్ళు నడుము మీద మూడుసార్లు ఎడమకాలు మోపితే పట్టు విడుస్తుందని నమ్మకం. దానికి పద్ధతులున్నాయి. పొద్దున్నే పరగడుపున రావాలి, బోర్లా పడుకోవాలి. తొక్కినవాళ్ళు ఏమీ పుచ్చుకోకూడదు. తొక్కించుకున్నవాళ్ళు లేచి వెనక్కి చూడకుండా పోవాలి. ఈ చివరి పద్ధతి పెట్టినవాడెవడో గానీ, పనయ్యాక ఒక మంచిమాట చెప్పే బాధ కూడా జనానికి లేకుండా చేశాడు.

నాకు ఏడేళ్ళున్నప్పుడు మొదలుపెట్టారు. మొదటివాడు బావి మీద మోట కొట్టే మనిషి. ఎద్దులను వెనక్కి నడిపీ నడిపీ నడుము వంకర పోయింది. నేను ఎక్కితే "కోడిపిల్ల నడిచినట్టున్నది" అన్నాడు. అయినా లేచి నిలబడ్డాడు. ఆ రోజు నుంచి మా వాకిట్లో పొద్దు పొడిస్తే ఒక వీపు ఉండేది.

మాది ఊరి బయట వాడ. తాత కాలంలోనే క్రైస్తవులమయ్యాం గానీ ఊరి కంటికి అంటరానివాళ్ళమే. ఊరివాళ్ళ నడుములకు మాత్రం నా కాలు కావాలి. ఇందుకు ఒక ఉపాయం ఉండేది. పెద్ద కులాలవాళ్ళు వీపు మీద గొంగడి కప్పుకునేవాళ్ళు. ఉన్నికి మైల అంటదట. నా కాలి గుణం గొంగడిలోంచి దిగుతుంది, నా మైల మాత్రం పైనే ఆగిపోతుంది. అంత తెలివిగల గొంగడిని నేను మళ్ళీ చూడలేదు.

మా పాస్టరయ్య ఇదంతా మూఢనమ్మకమని, అందులోనూ ఆదివారం పొద్దున తొక్కడం పాపమని బాపును మందలించాడు. ఆదివారం మానేశాం. ఆ వానకాలంలో ఆయన మెడే పట్టింది. పెరటి దిక్కు నుంచి వచ్చి, "ప్రార్థన చేసుకుంట చూడు బిడ్డా, ఏం కాదు" అన్నాడు. మెడ మీద కాలు పెట్టరు కాబట్టి చేతులతోనే చూశాను. వెనక్కి చూడకుండా పోయే పద్ధతి ఆయన కూడా పాటించాడు.

నాకు నిజంగా పని నేర్పింది నన్ను పుట్టించిన మంత్రసాని. మా పక్కిల్లే. పెద్దవ్వ అని పిలిచేదాన్ని. కాన్పులే కాదు, బెణికిన చేతులు, జారిన భుజాలు, పసిపిల్లల కడుపుబ్బరం, వదలని దగ్గు, అన్నిటికీ ముందు ఆమె చేతులే మందు. నేను మూడుసార్లు కాలు మోపి దిగిపోవడం చాలా రోజులు చూసి ఒకనాడు నవ్వింది.

"గట్ల తొక్కితే బర్రె తొక్కినా ఒకటే, నువ్వు తొక్కినా ఒకటే. కాలు పెట్టి జర ఊకో. కింద ఏమున్నదో కాలుకు తెల్వనీ."

కాలు పెట్టి ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మనిషి ఊపిరి వదిలినప్పుడు వీపు కొద్దిగా దిగుతుంది, బరువు వేయాల్సింది అప్పుడే. పీల్చేటప్పుడు తేలిక చేయాలి. వెన్నెముక మీద ఎన్నడూ నిలబడకూడదు, దాని పక్కన కండ మీదే. రెండు పక్కల కండ ఒక్కతీరుగా ఉండదు. ఒక పక్క తడిసిన మోటతాడులా బిగిసి ఉంటుంది, రెండో పక్క మెత్తగా ఉంటుంది. నొప్పి మెత్తని పక్కనే ఉందని మొత్తుకునేవాళ్ళు ఎందరో. పెద్దవ్వ మాత్రం బిగిసిన పక్కనే చూడమనేది. మడమలు రెండూ కలిపి పెడితే కొందరికి ఒక కాలు వేలెడు పొట్టిగా కనబడేది. కాలు పొట్టిది కాదు, తుంటి పైకి గుంజుకుపోయిందని ఆమె చూపించింది. తుంటినీ తొడనూ సర్దితే కాళ్ళు సమానమయ్యేవి, నడుము దానంతటదే వదిలేది.

"ఒళ్ళంత ఒక్కటే తాడు బిడ్డా" అనేది. "మడిమకాడ గుంజితే మెడకాడ బిగుస్తది. నొచ్చినకాడ కాదు, ముడి ఏడ పడ్డదో గాడ చూడాలె."

తలనొప్పని నుదుటికి పట్టు వేసుకుని వచ్చిన ఆడవాళ్ళకు ఆమె నుదురు ముట్టేది కాదు. నెత్తిన కుండలు మోసి బిగిసిన మెడ వెనక, భుజాల మీద వేళ్ళు పెట్టి కూర్చునేది. కాసేపటికి వాళ్ళే పట్టు తీసి పారేసేవాళ్ళు. ఎవరిని ముట్టకూడదో కూడా అంతే గట్టిగా చెప్పింది. జ్వరమున్నవాళ్ళను వద్దు, కడుపుతో ఉన్నవాళ్ళ నడుము వద్దు, కాలు మొద్దుబారినా మూత్రం ఆగిపోయినా దవాఖానకు తోలెయ్యి.

నాకు పదకొండేళ్ళప్పుడు దొర గుర్రం మీద నుంచి పడ్డాడు. దొర అంటే మా ఊరి పటేలు. మా వాడలో ఇంటికొకరు ఆయన ఇంటికి వెట్టికి పోవాలి. కట్టెలు కొట్టడం, కొట్టం ఊడ్వడం, ఊళ్ళకు కబుర్లు మోయడం. కూలి ఉండదు, కాదనడం ఉండదు. దొర నడుము పట్టినప్పటి నుంచి మా ఇంటి వెట్టి నా ఎడమకాలికి వచ్చింది. ఆయన ఇంట్లోకి నేను పోకూడదు కాబట్టి ఆయనే పశువుల కొట్టంలోకి వచ్చి, గడ్డి మీద చాప వేయించుకుని, బోర్లా పడుకుని గొంగడి కప్పుకునేవాడు. ఊరంతా ఎవరి ముందు చెప్పులు చేతబట్టుకుని నడుస్తుందో ఆయన వీపు మీద నేను నిలబడేదాన్ని. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. రెండోసారి నుంచి రాలేదు.

దొర చెడ్డవాడైతే నాకు తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆయన గొంతు పెంచేవాడు కాదు. నొప్పి తగ్గితే "సల్లగుండు బిడ్డా" అనేవాడు. దొరసాని ఎత్తు నుంచి నా దోసిట్లో మజ్జిగ పోసేది. నొప్పితో ఆయన దవడలు బిగుసుకున్నప్పుడు నాకు జాలేసేది, అబద్ధం చెప్పను. కానీ ఆ నొప్పి నెలకు రెండుసార్లో మూడుసార్లో వచ్చేది. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి నేను ఊరు దాటకూడదు. షాబాద్‌లో మేనమామ ఇంటికి క్రిస్మస్ పండుగకు అందరూ బండి కట్టుకుని పోతే నేను పెద్దవ్వ దగ్గర ఉండిపోయాను. మూడేళ్ళు అట్లాగే జరిగింది. నాలుగో ఏడు నన్ను రమ్మని అడగడం కూడా మానేశారు.

ఆయన నొప్పిని పూర్తిగా పోగొడితే నేను బయటపడతానని నాకు తోచింది. ఆయన గద్దె మీద పొద్దంతా ఎడమ పిర్ర మీదే ఒరిగి, కుడికాలు మడిచి కూర్చుంటాడు. నేను సరిచేసిన తుంటి మూడు రోజుల్లో మళ్ళీ పైకి పోతుంది. ధైర్యం చేసి చెప్పాను. "దొరా, రెండు కాళ్ళు కింద పెట్టి కూసోండ్రి. పొద్దుగాల చెరువుకట్ట దాక నడువుండ్రి. నా పని పడది."

గొంగడి కింద నుంచి చిన్నగా నవ్వాడు. "కాళ్ళు కింద పెట్టి కూసుంటే పటేలుతనం ఏమున్నది బిడ్డా? నువ్వున్నవు గద."

నాకు పద్నాలుగు నిండాక పెద్దవ్వ చనిపోయింది. మరుసటేడు, జర్మన్ యుద్ధం నడుస్తూ గాసునూనె దొరకని రోజుల్లో, మా వాడలో ఒకామెకు నడుము నొప్పి వచ్చింది. భర్త ఆమెను మా వాకిట్లో పడుకోబెట్టాడు. నేను కాలికి ముందు చెయ్యి పెట్టాను. ఒళ్ళు కాలిపోతున్నది, చలితో వణుకుతున్నది. పక్కటెముకల కింద మెల్లగా తట్టితేనే అరిచింది. తొక్కనన్నాను. "మోపనీకి గంత గీర ఏంది?" అని ఆయన నా మీదికి లేచాడు. ముందురోజే దొర నడుము సర్ది వచ్చాను కాబట్టి ఒకటి రెండు రోజులు నాకు ఊపిరుంది. బండి కట్టించి, ఆమెను పట్టుకుని చేవెళ్లకు పోయాను. అక్కడ వారానికొకసారి ఒక డాక్టరమ్మ గుడారం వేసి రోగులను చూసేది.

డాక్టరమ్మ సూది వేసి, మందిచ్చి, ఆమెను పట్నం దవాఖానకు పంపే ఏర్పాటు చేసింది. తరువాత నా వైపు తిరిగింది.

"మూత్రపిండంలో చీము పట్టినట్టుంది. తొక్కి ఉంటే చాలా ప్రమాదం. ఎవరు వద్దన్నారు?"

"నేనే" అన్నాను.

వివరం అడిగింది, ఏమైనా చదివావా అని కూడా అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు, మూఢనమ్మకమని కసరలేదు. ఒక లావుపాటి పుస్తకం తెరిచి మనిషి ఎముకల బొమ్మ చూపించింది. అన్నేళ్ళు కాలి కింద చీకట్లో తడుముకున్నవన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. తుంటి వెన్నును కలిసే చోట వేలు పెట్టాను. "గీడనే ఇరుకుతది" అన్నాను.

ఆమె పుస్తకం నా వైపు జరిపింది. "సముద్రం అవతల కొందరు డాక్టర్లు ఎముకలనూ కండలనూ చేతులతో సరిచేస్తూ వైద్యం చేస్తారు. ఒళ్ళంతా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటుందంటారు వాళ్ళు. దానికి కాలేజీలు కూడా ఉన్నాయి. ఆ చదువులో కొంత నువ్వు గొంగడి మీద చదివావు. కానీ ఎందుకు తగ్గుతుందో తెలియకపోతే ఎప్పుడు తగ్గదో కూడా తెలియదు. పట్నంలో నర్సు పని నేర్పించే చోట చేర్పిస్తాను. నువ్వు చర్చి బడిలో చదివింది చాలు. జొన్నకోతలయ్యాక వస్తావా?"

తిరుగు బండిలో నేను సంతోషంతో ఏడ్చాను. మా పెద్దవ్వ అన్న మాట సముద్రం అవతల కూడా ఎవరో అంటున్నారు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయానే అని కూడా ఏడ్చాను.

బాపు దొర దగ్గరికి పోయి అడిగాడు. దొర కాదనలేదు. "తోలు, నేనెందుకు వద్దంట? మరి నా నడుముకు ఎవలను తోలుతవు?" అన్నాడట. మరునాడు మేము దొర దగ్గర కౌలుకు చేసుకునే చెలక గట్టు మీద ఇంకొకరి నాగలి నిలబడి ఉంది. దున్నలేదు, ఊరికే నిలబడి ఉంది. వారం తిరగకముందే దొరే నాకు సంబంధం చూశాడు. సురంగల్ పిల్లగాడు, నెమ్మదస్తుడు. మా ఇంటికే ఇల్లరికం వస్తాడు, దొర తన దగ్గర జీతానికి పెట్టుకుంటాడు. ఆడపిల్లను ఊరు దాటనీయకుండా పెళ్ళి చేయడం మా వాడలో అదే మొదలు. అందరూ నా అదృష్టమన్నారు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పట్నం పోతే చెలక పోతుంది, ఉంటే నేను పోతాను.

రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నన్ను కన్న అవ్వ నా పక్కన కూర్చుని, గోడను చూస్తూ చెప్పింది.

"నువ్వు ఎదురుకాళ్ళతోని పుట్టలే బిడ్డా. అందరి లెక్కనే తలతోని పుట్టినవు."

నేను లేచి కూర్చున్నాను.

"దొర కళ్లంల వెట్టి చేస్తుంటే నొప్పులొచ్చినయ్. గడ్డిల కన్న. పదకొండు దినాలకు మళ్ళ పనికి రమ్మంటరు. ముందుగాల ఇద్దరు గట్లనే పోయిండ్రు నాకు, పాలు చాలక. పెద్దవ్వ అందరు వినంగ చెప్పింది, ఎదురుకాళ్ళ బిడ్డ పుట్టింది, తల్లి నలభై దినాలు గడప దాటితే కాలి గుణం పోతదని. ఎవలు లేపలే నన్ను. నలభై దినాలు నీకు కడుపునిండ పాలిచ్చిన." చీరకొంగు నోట్లో కుక్కుకుంది. "నలభై దినాలే అనుకున్న బిడ్డా. ఇన్నేండ్లని అనుకోలే."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఆ నలభై రోజులు లేకపోతే కోపగించుకోవడానికి నేనే ఉండేదాన్ని కాదు.

తరువాత దొర నుంచి కబురు వచ్చినప్పుడు కొట్టంలోకి నడిచిపోయి, గొంగడి మీద కాలు పెట్టకుండా నిలబడ్డాను. "దొరా, నేను ఎదురుకాళ్ళదాన్ని కాను. తలతోనే పుట్టిన. మా అవ్వే చెప్పింది. కాలుకు ఏ గుణం లేదు."

ఆయన తల పక్కకు తిప్పి చూశాడు. "మరి నా నొప్పెట్ల పోతున్నది?"

ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పి ఉంటే బతికిపోయేదాన్నేమో. నాకు నా పని మీద గర్వం ఉండేది. "పెద్దవ్వ దగ్గర నేర్చుకున్న" అన్నాను. "ఎవలికన్న నేర్పిస్త దొరా, నెల రోజులల్ల నేర్పిస్త. నన్ను పోనియ్యుండ్రి."

"నేర్చుకుంటివా?" ఆయన నిజంగా సంతోషపడ్డాడు. "పుట్టుకతోని వచ్చిన గుణం ఎప్పుడన్న పోతదేమోనని ఇన్నేండ్లు ఫికర్ పడ్డ. నేర్చుకున్నది యాడికి పోతది?"

"మరి వేరేటోళ్ళకు నేర్పిస్త..."

"వాళ్ళు ఎదురుకాళ్ళోళ్ళు కాదు గద బిడ్డా" అన్నాడు, అమాయకంగా. రెండు మాటలూ ఒకే నోటితో అన్నాడు. రెండింటినీ నమ్మాడు. "కాలు పెట్టు, బాగ నొస్తున్నది."

పెట్టాను. జొన్నకోతలు అయిపోయాయి. కంకులు తొక్కిస్తుండగా నా పెళ్ళయింది. డాక్టరమ్మ రెండుసార్లు కబురు పంపింది, మూడోసారి పంపలేదు. ఆ ఏడు చేవెళ్ల తోవ దిక్కు చూడాలంటేనే నాకు ఒళ్ళు మండేది.

మూడేళ్ళకు నాకు నొప్పులు వచ్చాయి. పెద్దవ్వ లేదు కాబట్టి మా అవ్వే కాన్పు చేసింది. ఇంట్లో మేమిద్దరమే. పగలంతా నొప్పులు పడ్డాను. చివరికి అవ్వ చేతులు ఆగిపోయాయి. ఏమిటని అడగాల్సిన పని లేకపోయింది, లోపల నాకే తెలిసింది. ఒక పాదం ముందు వచ్చింది. తరువాత రెండోది.

గుంజొద్దని నేనే చెప్పాను. పెద్దవ్వ ఇట్లాంటి కాన్పు చేస్తుంటే ఒకసారి దీపం పట్టుకుని చూశాను. భుజాల దాకా బిడ్డ బరువుకు బిడ్డనే దిగనివ్వాలి, తలకు మాత్రం చెయ్యి ఆసరా ఇవ్వాలి. అవ్వ ఏడుస్తూనే నేను చెప్పినట్టు చేసింది. ఆడపిల్ల. కొంచెం ఆలస్యంగా ఏడ్చింది. నాకు చాలా రక్తం పోయింది.

అవ్వ బిడ్డను తుడిచి నా పక్కన పెట్టి, నా తల మీద చెయ్యి వేసింది. "ఒక్క మాట చెప్పనా బిడ్డా? ఎదురుకాళ్ళని చెప్తే నలభై దినాలు నిన్ను ఎవలు లేపరు. నీకు ఒంట్ల నెత్తురు లేదు."

నేను బిడ్డ పాదాలు చూశాను. రెండూ కలిపి నా బొటనవేలంత కూడా లేవు. "తలతోనే పుట్టిందని చెప్పు" అన్నాను.

అవ్వ బిడ్డ కాళ్ళ మీద గుడ్డ కప్పింది. తరువాత వాకిట్లోకి పోయి, ఎదురుచూస్తున్న వాడ ఆడవాళ్ళకు అట్లాగే చెప్పింది. గొంతు తొణకలేదు. మా అవ్వ జీవితంలో అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

పదకొండో నాడు పురుడు నీళ్ళు పోసుకున్నాను. పన్నెండో నాడు కబురు వచ్చింది. దొర రెండు వారాలుగా మంచం దిగలేదట. కొట్టం దాకా గోడలు పట్టుకుని నడిచాను. ఆయన అప్పటికే చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. గొంగడి సర్ది ఉంది. ఎడమకాలు పెట్టాను. నా బట్ట నెత్తురుతో తడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. ఆయన ఊపిరి కోసం ఆగాను.

ఊపిరి వదలకుండా ఆయన అడిగాడు. "నా కొడుక్కు కూడ నడుము మొదలైంది. నీ బిడ్డ ఎట్ల పుట్టింది? నీ లెక్కనేనా?"

నా కాలి కింద ఆయన వీపంతా వింటున్నట్టుంది. కాలు కదిలితే తెలిసిపోతుందని కదల్చలేదు.

"నా లెక్కనే దొరా" అన్నాను. "తలతోనే."

తరువాత ఊపిరి వదిలాడు, వీపు దిగింది. నేను బరువు వేశాను.